ఉలకదు పలకదు

పాలకొల్లులో కాలవ వంతెన దిగితే
పేరాబత్తుల జోగయ్య గారి రేడియో షాపు.
ఎనభై అయిదులోనో, ఆరులోనో
సరుకు ఓడలో ఎలక్ట్రీషియన్‌గా తిరిగే ఆయన బావమరిది
సింగపూర్‌లో కొన్న పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి
"బావా, ఇది చదరంగం ఆడుద్ది" అన్నాడు.
"ఎవరితో?"
"నీతోనే."
"నాకు రాదు కదరా."
"దానికొచ్చు."

నాకప్పుడు పన్నెండేళ్ళు.
టీలు తేవడం, సోల్డరింగు తీగ అందించడం నా పని.
ఆ రోజు నుంచి ఇంకోటి కలిసింది:
ఎర్ర దీపం ఏ గడిలో వెలిగితే
ఆ గడిలోకి దాని పావుని నేను జరపాలి.
అంటే
ఊళ్ళో పెద్దమనుషులందర్నీ ఓడించింది
నా చెయ్యే.

మొదట కూర్చున్నది మునసబు కోర్టు గుమాస్తా
కందర్ప సోమయాజులు గారు.
బంటుని దర్జాగా రెండడుగులు తోసి
పొడుం పీల్చేలోపు
పక్క గడిలో శత్రుబంటు ఏటవాలుగా వచ్చి
దాన్ని మింగేసింది,
అది లేని గడిలోకొచ్చి మరీ!
"దారినపోయేవాణ్ణి పొడిచిందిరా!
మూడొందల రెండు పడుద్ది దీనికి!"
బావమరిది పుస్తకం తెరిచి రూలు చూపించాడు.
"దొరల రూలు" అని కండువా దులిపి వెళ్ళిపోయారు.
సాయంత్రానికి మళ్ళీ వచ్చారు.

డ్రిల్లు మాస్టారు ఏసుపాదం గారి పద్ధతి వేరు.
ఎనిమిదో లెవెల్లో పెట్టి, ఓ ఎత్తు వేసి
బడికెళ్ళారు. వచ్చారు. ఆలోచిస్తోంది.
భోంచేశారు. ఆలోచిస్తోంది.
మొగల్తూరులో పెళ్ళికెళ్ళొచ్చి
మాకు తలా ఓ లడ్డూ పంచారు. ఆలోచిస్తూనే ఉంది.
"రెండు రోజులు నిద్ర లేకుండా చేశాను,
ఇది గెలుపు కాదంటారా?"
మూడోనాడు పొద్దున్న శకటుని ఒక్క గడి జరిపి
ఆరెత్తుల్లో కట్టేసింది.

లైన్‌మేన్ ముత్యాలు మాత్రం ఎప్పుడూ ఓడలేదు.
రాజు చుట్టూ సందు మూసుకుంటోందనగా
ఒంటికెళ్ళొస్తానని లేచేవాడు.
రెండు నిమిషాల్లో పేటంతా కరెంటు పోయేది,
ఆట చెరిగిపోయేది.
ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు కంప్లయింటు మీద కంప్లయింటు రాశారు
కారణం తెలీక.

అందరికన్నా ఎక్కువ ఓడింది
కొబ్బరికాయల కమిషను వ్యాపారి
కుడిపూడి భద్రం గారు.
ఆయన ఆడేది చేత్తో కాదు, నోటితో.
"ఏనుగునక్కడ పెట్టారేంటండీ, మావటి సెలవా?"
"గుర్రం దాణా మానేసినట్టుంది, పాపం!"
ఆ మాటలు పడలేక తణుకు ఆటగాడొకాయన
గెలిచే ఆట వదిలి బస్సెక్కేశాడని చెప్పుకునేవారు.
పెట్టెతోనూ అలాగే మొదలెట్టారు.
"అయ్యగారికి టిఫినయిందాండీ?"
దీపం వెలిగింది.
"మీ నాన్నగారూ ఇలాగే ఆడేవారా,
ఆయన కాస్త తెలిసి ఆడేవారా?"
దీపం వెలిగింది. గుర్రం పోయింది.
"ఆయ్, తీసుకోండి, మీ ఇల్లనుకోండి."
మంత్రి కూడా పోయాడు.
ఆట కట్టయ్యాక నా వైపు తిరిగి
గొంతు తగ్గించి అన్నారు:
"ఓడినందుక్కాదురా అబ్బాయ్.
గెలిచింది కదా,
ఒక్క మాటనొచ్చుగా!"

ఆ యేడు ఆశ్వయుజంలో పది రోజులు ముసురు.
పెట్టెలోకి చెమ్మ దిగింది.
రాజుని నడిబజార్లోకి నడిపించింది,
మంత్రిని ఊరికే రాసిచ్చేసింది.
పదిహేడో ఎత్తుకి భద్రం గారు గెలిచారు.
షాపులో ఎవరూ మాట్లాడలేదు.
సోమయాజులు గారి పొడుం వేళ్ళ మధ్యే ఉండిపోయింది.
జోగయ్య గారు కాజాలకి డబ్బులు తీశారు.
భద్రం గారు పెట్టె మీద అరచెయ్యి ఆన్చి
"ఒళ్ళు కాలిపోతోందిరా దీనికి.
జ్వరం మనిషి మీద గెలిచానని చెప్పుకోమంటావా?" అని
భుజం మీది తువ్వాలుతో తుడిచి
అరవై క్యాండిల్ బల్బు దగ్గరికి లాగి
రాత్రి తొమ్మిదిదాకా కాపలా కూర్చున్నారు.

మర్నాడు ఇరవయ్యో ఎత్తుకి ఓడిపోయారు.
లేచి, పంచె సర్దుకుని
"కులాసా అన్నమాట" అన్నారు పెట్టెతో.
దీపం వెలిగింది.
ఎన్నడూ పలకంది పలికిందని
కాలవ గట్టంతా చెప్పుకుంటూ వెళ్ళారాయన.

మీట మీద నా బొటనవేలుందని
ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.